నాన్నగారి కంచం వేరు పెట్టకండి

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది విజయవాడ భవానీపురం, పుట్టిల్లు గుంటూరు. మా నాన్నగారికి 58 ఏళ్ళు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. తొమ్మిదేళ్ళుగా షుగర్ ఉంది. పోయిన దసరాకి ముందు కుడివైపు కింది దవడ పన్ను పుచ్చిపోతే పీకించుకున్నారు. నొప్పి తగ్గింది, అందరం మర్చిపోయాం. కార్తీకమాసం దాటాక దవడ కింద చిన్న గడ్డ కనిపించింది. యార్డులో మిరప ఘాటుకి వేడి చేసిందన్నారు. అది మెల్లగా రాయిలా గట్టిపడింది, పెద్దగా నొప్పి లేదు. మెడికల్ షాపులో అడిగి ఐదేసి రోజులు మూడుసార్లు మాత్రలు వాడారు. వాడినన్నాళ్ళు కాస్త మెత్తబడేది, ఆపగానే మళ్ళీ మామూలే. సంక్రాంతికి పగిలి చీము కారింది. ఒక రంధ్రం మూసుకుంటే పక్కన ఇంకోటి తెరుచుకునేది. కట్టు గుడ్డ మీద పసుపు రంగులో రవ్వలాంటి గింజలు కనిపించేవి. ఒక డాక్టరు టీబీ గడ్డ కావచ్చన్నారు, ఇంకొకరు కాన్సర్ అనుమానించారు. చివరికి ముక్క తీసి టెస్టుకి పంపితే ఆక్టినోమైకోసిస్ అని వచ్చింది. మూడు వారాలు పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఇచ్చి, ఆ తర్వాత మాత్రలు రాశారు. మొత్తం కనీసం ఆరు నెలలు వాడాలన్నారు. రెండు నెలలకే గడ్డ కరిగిపోయింది, ఇక మందులెందుకని నాన్నగారు మొండికేస్తున్నారు.

పక్కింటాయన ఫోన్లో చూసి ఇది ఫంగస్ అనీ, పశువుల జబ్బనీ చెప్పాడు. అప్పట్నుంచి అమ్మ ఆయన కంచం, గ్లాసు వేరు పెట్టింది. నాలుగేళ్ళ మా పాపను దగ్గరికి వెళ్ళనివ్వడం లేదు. ఆయన పైకి ఏమీ అనరు గానీ అన్నం సగం తిని లేచిపోతున్నారు. అందరి నోట్లో ఉండే బాక్టీరియానే అని డాక్టరు అంటున్నారు. అందరికీ ఉంటే ఈయనకే ఎందుకొచ్చింది? ఇది అంటుకుంటుందా? ఇంకొక్క మాట. మా అత్తగారికి 2019లో గుండె వాల్వు మార్చారు. ఆవిడకీ ఒక పన్ను పీకాలట. నాన్నగారిని చూశాక డెంటిస్టు గుమ్మం తొక్కనంటున్నారు. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: అమ్మా, ముందు ఈ పూటే చేయాల్సిన పని చెబుతాను. నాన్నగారి కంచం తీసుకెళ్ళి మిగతా కంచాల్లో కలిపేయమని అమ్మగారికి ఫోన్ చేయండి. ఈసారి గుంటూరు వెళ్ళినప్పుడు పాపను ఆయన ఒళ్ళో కూర్చోబెట్టండి. మిగతాది ఆ ఫోను అయ్యాక చదవండి.

ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా రాదు, ఆయన తాగిన గ్లాసులో నీళ్ళు తాగినా రాదు, ముద్దు పెట్టుకున్నా రాదు. ఎందుకంటే ఆ బాక్టీరియా మీ అమ్మగారి నోట్లోనూ ఉంది, మీ నోట్లోనూ, నా నోట్లోనూ ఉంది. పాపకు పళ్ళన్నీ వచ్చేశాయి కాబట్టి తన నోట్లోనూ ఈపాటికి కాపురం పెట్టే ఉంటుంది. ఇంట్లో అందరి దగ్గరా ఉన్నదాన్ని ఆయన దగ్గర కొత్తగా అంటించుకునేదేముంది?

ఎంగిలి విషయంలో మనకున్న పట్టింపు మొత్తానికి తప్పని నేననను. జలుబు, గొంతునొప్పి ఉన్నవాళ్ళ గ్లాసు పక్కన పెట్టడం మంచిదే. కానీ ఆ పట్టింపును అవసరం లేని చోట గట్టిగా, అవసరమైన చోట వదులుగా పాటిస్తాం. టీబీ వచ్చినవాళ్ళకి కంచం వేరు పెడతారు, అది వచ్చేదేమో కంచం వల్ల కాదు, దగ్గినప్పుడు గాల్లోకి వెళ్ళే తుంపర్ల వల్ల. అదే ఇంట్లో అమ్మమ్మ చెంచా నోట్లో పెట్టి వేడి చూసి అదే చెంచాతో పసిపిల్లకు పెడుతుంది. పళ్ళు పుచ్చిపోవడానికి కారణమయ్యే బాక్టీరియా పెద్దవాళ్ళ నుంచి పిల్లలకు వెళ్ళేది ఆ దారినే. దానికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఒక్క జాగ్రత్త చాలు. చీము ఇంకా వస్తుంటే కట్టు మార్చినవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, తీసిన గుడ్డను కవరులో చుట్టి పారేయాలి. ఏ పుండుకైనా చేసే పనే ఇది.

ఫంగస్ మాటకు వద్దాం. ఇందులో మీ పక్కింటాయన్ని నేను తప్పు పట్టను, తప్పంతా పేరుదే. 1877లో జర్మనీలో బోలింగర్ అనే ఆయన పశువుల దవడ ఎముకల్లో వచ్చే గడ్డల్ని పరీక్షించాడు. వాటిలో దొరికిన గింజల్ని హార్జ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడికి చూపించాడు. మైక్రోస్కోపు కింద నడి మధ్య నుంచి సూర్యకిరణాల్లా బయటికి చిమ్మినట్టున్న దారాలు కనిపించాయి. దారాలు కదా, బూజు జాతి అనుకున్నాడు హార్జ్. గ్రీకులో కిరణానికీ బూజుకీ ఉన్న మాటలు కలిపి ఆక్టినోమైసిస్ అని పేరు పెట్టాడు. దాని వల్ల వచ్చే జబ్బే ఆక్టినోమైకోసిస్. మరుసటి ఏడు, 1878లో, బెర్లిన్‌లో జేమ్స్ ఇజ్రేల్ అనే సర్జన్ మనుషుల్లో ఇలాంటి జబ్బునే వివరించాడు. మనుషులకు వచ్చే రకానికి ఆయన పేరు మీదే ఆక్టినోమైసిస్ ఇజ్రేలీ అన్న పేరు స్థిరపడింది. అది బూజు కాదు, పొడుగ్గా కొమ్మలు వేసుకుంటూ పెరిగే బాక్టీరియా అని తర్వాత తేలింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. కాబట్టి ఎవరైనా ఫంగస్ మాత్రలు వాడమంటే వద్దనండి, దీని మీద అవి పనిచేయవు.

పశువులకు వచ్చేది ఇదే కుటుంబంలోని వేరే రకం. గేదె నుంచి మనిషికి వచ్చేది కాదు. గడ్డిపరక నమిలే రైతులకే ఇది వస్తుందని పాత రోజుల్లో డాక్టర్లే పుస్తకాల్లో రాసుకున్నారు. బాక్టీరియా గడ్డి మీద లేదు, నమిలే నోట్లోనే ఉందని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. మీ పక్కింటాయన చూసింది 2022లో మన దేశంలో పశువుల్ని పీడించిన ముద్దచర్మం (లంపీ స్కిన్) జబ్బు గురించి కూడా అయ్యుండొచ్చు. ఇంగ్లీషులో రెండింటికీ దగ్గర దగ్గరగా ఉండే పేర్లు వాడతారు. అది వైరస్, దీనికీ దానికీ చుట్టరికం లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. అందరి నోట్లో ఉన్నది ఈయన్ని మాత్రమే ఎందుకు పట్టుకుంది?

పొద్దున్నే లేచి ముఖం కడుక్కోకుండా మాట్లాడితే పాచినోరు అంటాం. చెరువు మెట్ల మీద పట్టేదాన్నీ పాచే అంటాం. ఆ రెండూ ఒకే మాట కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది, ఎందుకంటే రెండూ నిజంగానే ఒకలాంటివి. తడిగా ఉండే గట్టి ఉపరితలం మీద సూక్ష్మజీవులు పొరలు పొరలుగా అతుక్కుని పెరగడమే పాచి. 1683లో లేవెన్‌హుక్ అనే డచ్చి బట్టల వర్తకుడు తన పళ్ళ మీది పాచి గీరి, తను సొంతంగా నూరుకున్న గాజు కటకం కింద పెట్టి చూస్తే బిలబిలలాడుతూ జీవులు కనిపించాయి. ఆ సంగతి లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. మనుషుల నోళ్ళలో ఇప్పటికి 700కు పైగా జాతులు గుర్తించారు. తోముకున్న పన్ను మీద ముందుగా వచ్చి స్థలం పట్టే వాటిల్లో ఆక్టినోమైసిస్ ఒకటి. పాచి అలాగే ఉండిపోయి గట్టిపడితే దాన్నే గార అంటాం.

ఇవన్నీ మనకు శత్రువులేమీ కావు. చిగురు పైన, పన్ను మీద ఉన్నంతసేపు వాటి బతుకు అవి బతుకుతాయి. ఆక్టినోమైసిస్‌కి తనంతట తాను ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని, చిగురును తొలుచుకుని లోపలికి పోయే శక్తి లేదు. దానికి ఎవరో తలుపు తీయాలి. పుచ్చిన పన్ను వేరు, పీకిన పన్ను గుంట, దవడ విరిగిన దెబ్బ, చిగుళ్ళ జబ్బు, అలాంటివి ఆ తలుపులు. లోపలికి వెళ్ళాక కూడా గాలి తగలని చోటు కావాలి. ఆక్సిజన్ బాగా అందే కండలో అది పెరగలేదు. అందుకే ఇది ఒంటరిగా రాదు, తోడుదొంగల్ని వెంటబెట్టుకుని వస్తుంది. వెంట వచ్చిన ఇతర బాక్టీరియా అక్కడున్న ఆక్సిజన్ని వాడేసి, కండను పాడుచేసి దీనికి చోటు సిద్ధం చేస్తాయి. షుగర్ అదుపులో లేని మనిషిలో రక్తప్రసారం, తెల్లకణాల పని రెండూ మందగించి ఉంటాయి కాబట్టి ఆపేవాళ్ళు ఉండరు. పన్ను, షుగర్, వయసు, మగవాళ్ళు కావడం — ఈ జబ్బు ఆడవాళ్ళకంటే మగవాళ్ళలోనే ఎక్కువ — ఇవన్నీ నాన్నగారి విషయంలో ఒకచోట కలిశాయి. మిరప ఘాటు మాత్రం ఏ పాపమూ చేయలేదు.

పన్ను పీకించుకోవడం వల్లే వచ్చిందని ఇంట్లో ఎవరైనా అంటుంటే ఆ మాట ఆపించండి. పుచ్చిన పన్ను అలాగే ఉంచుకున్నా ఇదే దారి తెరుచుకుని ఉండేది. రోజూ ఈ రెండు ఊళ్ళలో ఎన్ని పళ్ళు పీకుతున్నారో లెక్క లేదు. వాళ్ళలో ఇలాంటి గడ్డ వచ్చినవాళ్ళు ఒక డెంటిస్టు జీవితకాలంలో ఒకరో ఇద్దరో కనిపిస్తే ఎక్కువ.

అంత అరుదు కాబట్టే కనుక్కోవడం ఆలస్యమైంది. ఒకరు టీబీ అని, ఒకరు కాన్సర్ అని నాన్నగారిని తిప్పారని మీ ఉత్తరంలో కాస్త కోపం కనిపించింది. కోపం రావడం సహజమే గానీ, వాళ్ళ పక్షాన నేనొక మాట చెప్పాలి. మెడ మీద, దవడ కింద నెలల తరబడి ఉండి పగిలి రసి కారే గడ్డను చూస్తే మన దేశంలో ఏ డాక్టరుకైనా ముందు గుర్తొచ్చేది టీబీయే. పెద్దవాళ్ళు గండమాల అనేది దాన్నే. నొప్పి లేకుండా రాయిలా ఉన్న గడ్డకు కాన్సర్ అనుమానించకపోతే అదీ తప్పే. నేనూ పడ్డాను ఈ గోతిలో. చాలా ఏళ్ళ కిందట తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు రెండు నెలలు టీబీ మందులు వాడించాను. తగ్గలేదు. ఒకరోజు కట్టు విప్పి గుడ్డ బుట్టలో వేయబోతుంటే మా పెద్ద డాక్టరు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ గుడ్డ మీద ఇసుక రేణువుల్లాంటి పసుపు గింజలు నాలుగు ఉన్నాయి. రెండు నెలలుగా నేను వాటిని చూస్తూనే పారేస్తున్నాను. మీరు రాసిన రవ్వ గింజలు అవే. గంధకపు రేణువులు అంటారు వాటిని, రంగును బట్టి పెట్టిన పేరు, వాటి వెనక గంధకం కథేమీ లేదు. అవి బాక్టీరియా ముద్దలు. మీరు గుడ్డను అంత పరీక్షగా చూడటం నాకు నచ్చింది. అది చూసిన రోజునే డాక్టరుకు చెప్పి ఉంటే ఒక నెల కలిసొచ్చేదేమో.

ముక్క పరీక్షే ఎందుకంటే, దీన్ని ల్యాబులో పెంచి చూపించడం కష్టం. గాలి తగిలితే చస్తుంది, పెరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ముందే యాంటీబయాటిక్స్ వాడి ఉంటే అసలు పెరగదు. నాన్నగారు మూడు విడతలు వాడారు. అవి జబ్బును తగ్గించలేదు, దాని ఆనవాలును మాత్రం తుడిచేశాయి. పంటి నొప్పికి మన మెడికల్ షాపుల్లో చేతికిచ్చే మాత్రల్లో చాలాసార్లు మెట్రోనిడజోల్ ఉంటుంది. నోట్లోని చాలా బాక్టీరియాకి అది మంచి మందే గానీ ఆక్టినోమైసిస్‌ని అది ఏమీ చేయలేదు. తోడుదొంగలు పోతారు, వాపు తగ్గినట్టు కనిపిస్తుంది, అసలు దొంగ ఇంట్లోనే ఉంటాడు. వాడినన్నాళ్ళు మెత్తబడి ఆపగానే మామూలైందని మీరు రాశారు చూడండి, అది ఇలాంటిదే అయ్యుండొచ్చు.

ఇక మొండికేస్తున్న నాన్నగారికి. ఈ భాగం ఆయనకు చదివి వినిపించండి, లేదా కాగితం ఆయన చేతికివ్వండి.

అయ్యా, మీరు యార్డులో ఇన్నేళ్ళు పనిచేశారు. గట్టిగా తొక్కి కుట్టిన మిర్చి టిక్కీ మీద చెంబుడు నీళ్ళు పోస్తే ఏమవుతుంది? గోనె తడుస్తుంది. లోపలి కాయకు తడి తగలదు. మీ దవడలో ఉన్నది అలాంటి టిక్కీయే. బాక్టీరియా ముద్దకట్టి గింజల్లా ఉంటుంది, దాని చుట్టూ శరీరం నారలాంటి గట్టి కండను కట్టేసింది. ఆ గట్టి కండలోకి రక్తనాళాలు సరిగా వెళ్ళవు. మందు వెళ్ళేది రక్తంతోనే. అందుకని ఎక్కువ మోతాదులో మొదలుపెట్టి, నెలల తరబడి వదలకుండా ఇస్తే గానీ లోపలి గింజ దాకా చేరదు. మీకు చేతికి తగలడం లేదంటే గోనె కరిగిందని అర్థం. లోపల ఏముందో చేత్తో తడిమి చెప్పడం మీకూ చేతకాదు, నాకూ చేతకాదు. మధ్యలో ఆపినవాళ్ళకి కొన్ని నెలల తర్వాత అదే చోట, కొన్నిసార్లు ఈసారి దవడ ఎముకలో, మళ్ళీ మొదలవడం ఈ జబ్బుకున్న పాత అలవాటు.

మంచి మాట కూడా ఒకటుంది. ఈ రోజుల్లో చాలా బాక్టీరియా పాత మందులకు లొంగడం మానేశాయి. ఇది అలా కాదు, పెన్సిలిన్‌కి ఇప్పటికీ బుద్ధిగా లొంగుతుంది. పెన్సిలిన్ రాకముందు దీనికి అయోడిన్ ఉప్పు తాగించేవారు, కోసి చీము తీసేవారు, అయినా చాలామంది ఏళ్ళ తరబడి బాధపడేవారు. ఖరీదైన మందు రాయలేదని ఎవరైనా పెదవి విరిస్తే పట్టించుకోకండి.

ఆరు నెలలన్నది రాతిలో చెక్కిన లెక్కేమీ కాదు. పాత పద్ధతి ఆరు నుంచి పన్నెండు నెలలు. దవడ, మెడ దగ్గరికే పరిమితమై, చీము బాగా తీసేసి, ఎముక చెడకుండా ఉన్నవాళ్ళకి కొంతమంది డాక్టర్లు అంతకంటే ముందే ఆపుతున్నారు. కానీ ఆ నిర్ణయం స్కాన్ చూసి, షుగర్ చూసి చికిత్స చేస్తున్న డాక్టరు తీసుకోవాల్సింది. ముందే ఆపొచ్చా అని అడగడానికి నాన్నగారికి పూర్తి హక్కుంది. అడగకుండా ఆపే హక్కు లేదు. ఆయన షుగర్ మూడు నెలల సగటు ఎంతుందో మీ ఉత్తరంలో లేదు. అది ఎక్కువగా ఉంటే పెన్సిలిన్ చేసే పనిలో సగాన్ని షుగర్ పాడుచేస్తుంది. మాత్రల వల్ల విరేచనాలు ఆగకుండా అవుతున్నా, ఒంటి మీద దద్దుర్లు వచ్చినా వెంటనే డాక్టరుకి చెప్పాలి, మందు మార్చే వీలుంది. పెన్సిలిన్ పడనివాళ్ళకి డాక్సీసైక్లిన్ లాంటివి ఉన్నాయి. కొత్తగా వాపు, జ్వరం, దవడ ఎముకలో నొప్పి, నోరు తెరవడం కష్టం కావడం — వీటిలో ఏది కనిపించినా చెకప్ తేదీ వచ్చేదాకా ఆగొద్దు.

నోటి బాక్టీరియా దారి తప్పితే ఎంత చిత్రంగా ప్రవర్తిస్తుందో చెప్పడానికి ఇంకొక కేసు గుర్తొస్తోంది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు విజయవాడ ఏలూరు రోడ్డు పక్క హాస్టల్ కుర్రాడొకడు కుడిచెయ్యి బూరెలా వాచిపోయి వచ్చాడు. బైకు స్కిడ్ అయి గోడకు తగిలిందన్నాడు. నడిమి వేలి కణుపు మీద అర అంగుళం గాటు. గోడకు తగిలితే గీరుకుపోతుంది గానీ అంత శుభ్రంగా తెగదు. వాళ్ళ నాన్నను బయటికి పంపి అడిగితే చెప్పాడు: మూడు రోజుల కిందట రూమ్మేటు మూతి మీద గుద్దాడట. అది పంటి గాటు. పిడికిలి బిగించినప్పుడు కణుపు మీద చర్మం బిగుతుగా ఉంటుంది, పన్ను నేరుగా కీలు దాకా దిగుతుంది. చెయ్యి చాచగానే పై చర్మం జరిగి మూసుకుంటుంది, అవతలివాడి నోటి బాక్టీరియా లోపలే ఉండిపోతుంది. ఆ గాట్లో పెరిగింది ఐకెనెల్లా అనే రకం. ల్యాబులో అది పెరిగిన పళ్ళెం మూత తీస్తే బ్లీచింగ్ పౌడర్ వాసన వస్తుంది. అదీ మెట్రోనిడజోల్‌కి లొంగదు, అమాక్సిసిలిన్‌తో క్లావులనేట్ కలిపి ఇస్తే లొంగుతుంది. కీలు కోసి కడగాల్సి వచ్చింది. మనిషి కాటును కుక్క కాటంత సీరియస్‌గా ఎవరూ తీసుకోరు. గుద్దులాటలో కణుపు తెగినవాడు ఆ మాట డాక్టరుకు నిజం చెబితే చాలు, సగం వైద్యం అయిపోయినట్టే.

పంటి నుంచి వచ్చే వాపుల్లో ఒక్క గంట కూడా ఆగకూడనిది ఒకటుంది. కింది దవడ వెనకటి పన్ను చెడి, గడ్డం కింద రెండు వైపులా చెక్కలా వాచి, నాలుక పైకి లేచి, ఉమ్మి మింగలేక చొంగ కారుతూ, గొంతు మారిపోతే అది ఊపిరి దారిని మూసేస్తుంది. దానికి మెడికల్ షాపు కాదు, అంబులెన్సు కావాలి. నాన్నగారిది అది కాదు. కానీ ఇంట్లో పుచ్చు పళ్ళు ఉన్నప్పుడు తెలిసి ఉండటం మంచిది.

మీ అత్తగారి గురించి చివర్లో మూడు ముక్కలు రాశారు. నిజానికి మీ ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ టెన్షన్ కలిగించింది ఆ మూడు ముక్కలే. నాన్నగారి జబ్బు తేలిపోయింది, మందు నడుస్తోంది. ఆవిడది ఇంకా మొదలుకాని సమస్య, ఆపగలిగిన సమస్య.

ఆవిడకి ఆక్టినోమైకోసిస్ వస్తుందని భయపడక్కర్లేదు. ఆవిడ విషయంలో చూసుకోవాల్సింది వేరే జాతిని, నోట్లోనే ఉండే స్ట్రెప్టోకాకస్ రకాల్ని. పన్ను పీకినప్పుడు ఇవి కాసేపు రక్తంలోకి వెళతాయి. ఆ మాటకొస్తే చిగుళ్ళు చెడి ఉంటే తోముకున్నప్పుడూ, గట్టి చెగోడీ నమిలినప్పుడూ వెళతాయి. మీలో నాలో అయితే కొద్దిసేపట్లోనే శరీరం వాటిని తుడిచేస్తుంది. మార్చిన వాల్వు మీద మాత్రం వాటికి పట్టు దొరుకుతుంది. అక్కడ గూడు కట్టుకుంటే దాన్ని ఎండోకార్డైటిస్ అంటారు. ఆరు వారాల ఇంజెక్షన్లు, కొన్నిసార్లు మళ్ళీ ఆపరేషన్.

దీన్ని ఆపే పని చాలా చిన్నది. వాల్వు మార్చినవాళ్ళకి పన్ను పీకే ముందు, అరగంట నుంచి గంట లోపు, ఒకే ఒక్క మోతాదు యాంటీబయాటిక్ ఇస్తారు. పెద్దవాళ్ళకి మామూలుగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల గొట్టాలు నాలుగు ఒకేసారి. పెన్సిలిన్ పడదని ఎప్పుడైనా తెలిసి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి, వేరే మందు ఇస్తారు. ఇది మీరు సొంతంగా కొని వేసేది కాదు. గుండె డాక్టరు చేత కాగితం మీద రాయించుకుని డెంటిస్టుకి చూపించండి. ఆవిడ రక్తం పలచబడే మాత్ర వాడుతుంటే, పన్ను పీకుతున్నారు కదా ఆపేయమని ఎవరైనా చెప్పినా దాన్ని సొంతంగా ఆపేయొద్దు. వాల్వు మీద గడ్డ కడితే అది పంటి గుంటలో కారే రక్తం కంటే వెయ్యి రెట్లు ప్రమాదం. ముందు రోజో ఆ ముందు రోజో రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష చేయించి, ఆ అంకె చూసి ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుంటారు.

చెడ్డ పన్నును భయంతో అలాగే ఉంచుకోవడం ఆవిడకి అన్నిటికంటే చేటు. పీకించుకునేది ఒక్కరోజు పని. ఉంచుకున్న పన్ను రోజూ కొంచెం కొంచెంగా బాక్టీరియాను రక్తంలోకి పంపుతూనే ఉంటుంది. ఆవిడ వేపపుల్లే వాడతానంటే వాడనివ్వండి, కాకపోతే మెత్తగా నమిలి, చిగురు చీరుకోకుండా వాడాలి. మెత్తటి బ్రష్షు ఇంకా మేలు. బొగ్గుపొడి, ఇటుకపొడి మాత్రం మాన్పించండి.

పన్ను తీశాక వచ్చే రెండు మూడు నెలలు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. సాయంత్రాలు కొద్దికొద్దిగా జ్వరం, నీరసం, అన్నం సయించకపోవడం, బరువు తగ్గడం. మన ఊళ్ళలో ఇలాంటి జ్వరానికి వెంటనే ఒక వైడాల్ పరీక్ష చేస్తారు, కాస్త అటూ ఇటూగా వస్తే టైఫాయిడ్ అని సెలైన్ ఎక్కించి యాంటీబయాటిక్ మొదలుపెడతారు. వాల్వు మార్చిన మనిషికి అలా జరగకూడదు. ఏ మందూ మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కి, అంటే అందులో బాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్షకి, తీయించాలి, ఒక్కసారి కాదు, వేర్వేరు చోట్ల నుంచి మూడుసార్లు. జ్వరమని వెళ్ళిన ప్రతిచోటా మొదటి మాటగా వాల్వు మార్చారని చెప్పండి. ఆ ఒక్క మాట వింటే ఏ డాక్టరైనా కూర్చున్న కుర్చీలో ముందుకు జరుగుతాడు.

ఎక్కడ చూపించాలా అని వెతుక్కోనక్కర్లేదు. విజయవాడలోనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. గుండె డాక్టరు, పంటి డాక్టరు ఒకేచోట కావాలంటే మంగళగిరి ఎయిమ్స్ మీ రెండిళ్ళకూ మధ్యలోనే ఉంది. వాల్వు ఆపరేషన్ కాగితాలు, వాడుతున్న మందుల చీటీ మర్చిపోకుండా తీసుకెళ్ళండి. నాన్నగారి మిగతా పళ్ళు కూడా ఆ వారంలోనే చూపించేయండి. ఇంకో పుచ్చు పన్ను ఉంటే పెన్సిలిన్ నడుస్తుండగానే దాని సంగతి తేల్చుకోవడం మంచిది. అత్తగారికి తోడుగా వియ్యంకుడు వస్తున్నాడంటే ఆవిడ కూడా కాదనలేరేమో చూడండి.